అదనపు నిమిషాలు

"లైటు! ఎవరన్న లైటు కొట్టుండ్రిరా! పోరడు బస్తాల కింద వడ్డడు!"

గోదాంలో అరచేయి కనిపించని చీకటి. రెప్పపాటు కిందటి వరకు గోడంత తెర మీద అర్జెంటీనా వాళ్లు ఒక్క గోలు కోసం పడరాని పాట్లు పడుతున్నారు. తొంభై నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. రిఫరీ కలిపిన అదనపు నిమిషాలు కూడా అయిపోయి, ఆట ఇంకా సాగుతూనే ఉంది. సౌదీ ఒక గోలు ముందుంది. సరిగ్గా అప్పుడే టప్పుమని అంతా ఆరిపోయింది.

సినిమా హాల్లా ఉండాలని షట్టర్లు దించి, వెంటిలేటర్లకు గోనెపట్టాలు కట్టించింది గోదాం సేటు కొడుకు యోగేందరే. ఇప్పుడా తెలివే అందరి మెడకూ చుట్టుకుంది. కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా లేచారు. ఒకడు ఇంకొకణ్ణి తోశాడు. వాడు పోయి సోయాబీన్ బస్తాల థప్పీ మీద పడ్డాడు. పై వరస జారిన చప్పుడు, ఆ వెంటనే నితీష్ కేక.

"కాలు! అరె, నా కాలు!"

యోగేందర్ చేతులతో తడుముకుంటూ అటు పోయాడు. ఫోన్ల దీపాలు ఒక్కొక్కటిగా వెలిగాయి. సెల్‌ఫోన్ షాపు ఓంకార్ అప్పటికే ఒక బస్తా చెవులు పట్టి లాగుతున్నాడు. ఇద్దరూ కలిసి బస్తాలు పక్కకు దొర్లించారు. నితీష్ మోకాలి కింద కాలు ఉండవలసిన తీరుగా లేదు. వాడు ఎదురు దుకాణం జీవరాజ్ సేటు తమ్ముడి కొడుకు.

అప్పుడు లోపలి సందులోంచి నిదానంగా ఒక వెలుగు వచ్చింది. యోగేందర్ తండ్రి వామన్‌రావు ఇత్తడి దీపం చేత పట్టుకుని, గాలికి ఆరిపోకుండా రెండో చేయి అడ్డం పెట్టి నడిచి వస్తున్నాడు. బీదర్ ధాన్యం మార్కెట్ గాంధీ గంజ్‌లో అడ్తి వ్యాపారుల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఆయన్ని చూడగానే అరుపులు సగం తగ్గాయి.

"ముందు పోరన్ని దవఖానకు తీస్కపోండ్రి," అన్నాడాయన. "మాటలు తర్వాత."

యోగేందర్ ఆగలేదు. సందులోకి పరుగెత్తాడు. గోదాంకూ, తండ్రి కూర్చునే గద్దె గదికీ మధ్య ఉన్న ఇరుకు దారి అది. కరెంటు బోర్డు అక్కడే ఉంది. బోర్డు తలుపు తెరిచి ఉంది. మెయిన్ ఫ్యూజు చీనీమట్టి కప్పు దాని చోట లేదు. బోర్డు కింద నీళ్ల కుండ, కుండ పక్కన మూతి తుడుచుకుంటూ హమాలీ సొలొమోను.

"నువ్వా!" యోగేందర్ గొంతు సందంతా మోగింది. "సొలొమోనూ, ఫ్యూజెందుకు పీకినవ్‌రా?"

ఆ మాట గోదాంలో అందరి చెవినా పడింది. పడ్డాక ఎవరికీ వేరే పేరు తట్టలేదు. సొలొమోను ఖతర్‌లో ఏళ్లపాటు పని చేసి వచ్చినవాడు. ఈ వరల్డ్ కప్ జరుగుతున్నదీ అక్కడే. మొదలైన రోజు ఖతర్ ఓడిపోతే గంజ్ గంజంతా అతణ్ణి ఆట పట్టించింది. ఇవాళ కూడా ఆట మధ్యలో ఖతర్ కట్టుబాట్ల మీద వాదన లేచింది. అతను వాళ్ల తరఫున ఏదో అనబోతే, "అంత ప్రేముంటే ఆడ్నే ఉండకపోయినవా, ఈడికెందుకొచ్చినవ్?" అన్నాడు యోగేందర్. అందరూ నవ్వారు. సొలొమోను తువాల దులుపుకుని లేచిపోయాడు. ఆ తర్వాత కాసేపటికే చీకటి.

సొలొమోను యోగేందర్‌ని చూశాడు. అతని భుజం మీదుగా, దగ్గరికొస్తున్న దీపాన్ని చూశాడు.

"నేను కాదు చిన్న సేటూ," అన్నాడు.

జీవరాజ్ సేటు పరుగున వచ్చి అతని గల్లా పట్టుకున్నాడు. జేబులు వెతికించాడు. బీడీల కట్ట, అగ్గిపెట్టె, హమాలీ బిల్లా తప్ప ఏమీ లేవు. "వీని బిల్లా తీసెయ్యాలె! ఇగ గంజ్‌ల బస్తా ముట్టొద్దు వీడు!"

"శుక్రారం కూసుందాం," అన్నాడు వామన్‌రావు. "పంచాయితీ అయ్యేదాక పనిలకు రాకు సొలొమోనూ."

బయట షట్టర్ ఎత్తిన చప్పుడైంది. ఓంకార్ ఫోన్ చూసుకుంటూ ఎవరినీ ఉద్దేశించకుండా అన్నాడు: "సౌదీ గెలిసిందంట."

*

మరుసటి రోజు సాయంత్రం ఆట ఓంకార్ సెల్‌ఫోన్ షాపులోకి మారింది. ప్రొజెక్టర్ మూట కట్టేశారు. గోడ మీది టీవీ ముందు నాలుగు స్టూళ్లు, ఒక కౌంటరు. ఎక్కువ మంది రాలేదు.

ప్రణీత బ్యాంకు నుంచి నేరుగా వచ్చింది. సంగారెడ్డి పిల్ల. ప్రైవేటు బ్యాంకులో ఉద్యోగం, వామన్‌రావు ఇంట్లో పైగది కిరాయి. హాస్టల్లో ఉన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడేది. గంజ్‌లో మ్యాచ్ చూడటానికి వచ్చే ఆడపిల్ల ఆమె ఒక్కతే.

"ఊరు ఊరంత హైదరాబాద్ దిక్కు ఉరుకుతుంటే నువ్వు ఉల్టా బీదర్‌కు వస్తివి," అని ఓంకార్ ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. "మా జీవరాజ్ సేటైతే శంకర్‌పల్లి దిక్కు ప్లాట్లు గూడ కొన్నడు."

"ఆడ కిరాయికి నా జీతం సాలదన్నా. జర్మనీ మ్యాచ్ పెట్టు, షురువైతది."

ఆట మొదలు కాకముందే వాదన మొదలైంది. అదీ అలవాటే.

"నేననేది ఒక్కటే," అన్నాడు ఓంకార్. "స్టేడియంల బీరు ఉంటదని టికెట్లు అమ్ముకున్నరు. ఆట ఇంక రెండు దినాలున్నదనంగ లేదు పొమ్మన్నరు. ఇది మోసమా కాదా?"

"బీరు ముట్టనోడివి నువ్వు. బీరు కోసం ఏడ్చేది నువ్వే," అన్నది ప్రణీత.

"న్యాయం మాట్లాడుతున్న!"

"వాళ్ల దేశం, వాళ్ల ఇష్టం," అన్నాడు యోగేందర్. నిన్నటి నుంచి అతనికి మాట మీద మనసు లేదు. కానీ ఇది అతని పాత పాయింటు. "ఇంకొకని ఇంటికి పోయినంక ఆ ఇంటి పద్ధతి పాటించాలె. బట్టలు గిట్ల కట్టుకోమంటె గట్లనే కట్టుకోవాలె."

"పద్ధతేందో తెల్వాలె గద అన్నా. మీ ఇంట్ల గది ఇచ్చేటప్పుడు గుడ్డు వండొద్దని మీ అమ్మ ముందే చెప్పింది. సరేనని వచ్చిన. మరి మంగళారం గోర్లు తీయొద్దని ఎవరు చెప్పిండ్రు? తీసినంక మీ అమ్మ మొఖం చూస్తే తెల్సింది." ప్రణీత తన గోళ్ల వంక చూసుకుంది. "రాసి పెట్టిన పద్ధతి సులువు. మొఖం మీద ఉండే పద్ధతే కష్టం."

"నిన్న వామన్ మామ గూడ గదే అన్నడు," అన్నాడు ఓంకార్. "సగం ఆట కాడ చాయ్ తాగుకుంట అన్నడు సూడు, ఏందది? ఆఁ. 'ఇంటికి పిల్సినంక కట్టుబాటు చెప్పేటోడు ఇంటి పెద్ద కాదు. చెప్తే పిలవకముందే చెప్పాలె, లేకుంటే నోరు మూసుకోవాలె' అన్నడు. అందరు చప్పట్లు కొట్టిండ్రు."

టీవీలో జర్మనీ జట్టు గ్రూపు ఫోటోకి నిలబడింది. నిలబడి, పదకొండు మందీ కుడి చేయి ఎత్తి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇదేంది, పండ్లు నొస్తున్నయా?" అన్నాడు ఓంకార్.

ప్రణీత ఫోన్‌లో వెతికింది. "చేతికి కట్టుకునే పట్టీ ఒకటి కట్టుకోవద్దన్నరంట. తమను మాట్లాడనిస్తలేరని చూపిచ్చుడు."

"నోరు మూసుకుంటే ఏం తెలుస్తది? చెప్పేదుంటే చెప్పుండ్రి, ఖతం!"

"చెప్తే పసుపు కార్డు పడ్తది మరి."

వాళ్లిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు. యోగేందర్ ఆ ఫోటోనే చూస్తూ ఉండిపోయాడు. ఆట మొదలైంది. ప్రణీత అతని దిక్కు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

"అన్నా, ఒక మాట. సొలొమోనన్న ఫ్యూజు పీకంగ ఎవరు చూసిండ్రు?"

"ఎవ్వరు చూడలే."

"మరి పేరెట్ల వచ్చింది?"

యోగేందర్‌కు సందులో తన కేక గుర్తొచ్చింది. "నేనే అన్న."

"ఫ్యూజు కప్పు ఆయన దగ్గర దొరకలే. సందుల దొరకలే. పీకినోడు దాన్ని ఏడనో దాచిపెట్టి, మళ్లొచ్చి, మనం పట్టుకునేదాక నిలవడి నీళ్లు తాగిండా?" ఆమె స్టూలు మీద సర్దుకుని టీవీ వైపు తిరిగింది. "నాకేమో గట్ల అనిపిస్తలేదు."

*

గురువారం పొద్దున కొత్త కప్పు కొని తెచ్చి, ఫోన్ లైటు బోర్డు మీదికి కొట్టాడు యోగేందర్. కొత్తది బిగించే ముందు ఒకసారి చూద్దామన్న కుతూహలం, అంతే.

సీజన్ గోదాం కదా, బోర్డు నిండా సోయాబీన్ దుమ్ము మందంగా పేరుకుని ఉంది. ఫ్యూజు గూటికి కుడివైపున ఆ దుమ్ము మూడు చోట్ల లేచిపోయింది. పైన రెండు వేళ్లు, కింద బొటనవేలు. లేచిపోయిన చోట బోర్డు చెక్క నల్లగా మెరుస్తోంది. వేలితో రాసి వాసన చూశాడు.

నువ్వుల నూనె.

హమాలీల చేతుల్లో ఏముంటుందో అతనికి తెలుసు. గోనె పీచు, చెమట, బీడీ వాసన. సొలొమోను ఆట జరిగిన మంగళవారం పొద్దుటి నుంచి హళ్ళిఖేడ్ ఊరి రైతుల బస్తాలు దింపాడు. అతని చేతికి నువ్వుల నూనె ఎక్కడిది? బజ్జీల బండివాడా? వాడి నూనె వేరు, వాడు సందులోకి రాడు. మెకానిక్కా? ఆ నూనె వాసన కిలోమీటరు కొడుతుంది. యోగేందర్ వేలు మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఈ వాసన తనకు బాగా తెలిసినదే. ఎక్కడిదో అందడం లేదు.

మధ్యాహ్నం వేలం అయ్యాక బండి తీసి సొలొమోను ఊరు మంగళగికి పోయాడు.

సొలొమోను ఊరి బయట చెరుకు చేలో ఉన్నాడు. గంజ్‌లో పని బంద్ కాబట్టి చెరుకు కొట్టే కూలికి పోయాడు. యోగేందర్‌ని చూసి కొడవలి గట్టున పెట్టాడు. ఒక గడ ఏరి, ఆకు దూసి, కణుపు దగ్గర కొట్టి, నమిలేందుకు వీలుగా చెక్కి చేతికిచ్చాడు.

"తిను చిన్న సేటూ. ఎండల వడి వచ్చినవ్."

అతని భార్య హన్మమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, పెట్టవలసిన దానికంటే గట్టిగా పెట్టింది. యోగేందర్ ఏదో అనబోయాడు.

"మా దగ్గరికొచ్చినోళ్లను నేను ఏమనను సేటూ," అన్నదామె. "అనేదుంటే మీ దుకాణం కాడికొచ్చి అంట." అని తన సాలులోకి వెళ్లిపోయింది.

యోగేందర్ చెరుకు ముక్క చేతిలోనే తిప్పుతున్నాడు. "సొలొమోనూ, నువ్వు పీకలే. నాకు తెల్సు."

"మొన్న తెల్వలేదు, ఇయ్యాల తెల్సింది. మంచిది."

"కానీ చూసినవ్. పీకినోణ్ణి చూసినవ్."

"దూపైంది, నీళ్లు తాగనీకి పోయిన. తాగిన. గంతే."

"ఎందుకు చెప్తలేవ్? రేపు బిల్లా పోతది నీది!"

సొలొమోను బీడీ ముట్టించాడు. పొగ వదులుతూ చెరుకు కొసల వంక చూశాడు. "ఖతర్‌ల మేం పనిచేసే కాడ ఒక నేపాల్ పోరడు పైకెళ్లి వడ్డడు. చెక్క సరిగ కట్టిపియ్యనోడు ఎవడో అందరికెర్క. సార్లొచ్చి ఎవడు ఎవడు అని అడిగిండ్రు. తెల్వదన్నం. అందరం అన్నం, నేను గూడ. ఆడ కఫీల్ ఉంటడు, పనికి రప్పిచ్చుకున్న సేటు. వీసా, బత్తా అన్నీ వాని చేతులనే. వాని మనిషి పేరు నోట్లకెళ్లి వస్తే మర్నాడు మనం ఇంటికే."

"ఇది ఖతర్ కాదు గద."

సొలొమోను తల తిప్పి అతణ్ణి చూశాడు. తర్వాత నవ్వాడు, నిజంగానే నవ్వొచ్చినట్టు. "అవునా? మంచిగ చెప్పినవ్."

యోగేందర్ నవ్వలేదు. గంజ్‌లో సొలొమోను నోట రాలేని పేర్లు ఎన్ని ఉంటాయని లెక్కేశాడు. ఎక్కువ లేవు.

"పోయి రా చిన్న సేటూ," అన్నాడు సొలొమోను కొడవలి తీసుకుంటూ. "అడగకు. నేను చెప్తే నా కూలి పోతది. నువ్వింటే నీకు అన్నం సయించదు."

*

దీపం పెట్టే వేళకు యోగేందర్ గద్దె గది గుమ్మంలో నిలబడ్డాడు. సీజన్‌లో ఆ సమయానికి అతను ఎప్పుడూ లారీల దగ్గరే ఉంటాడు. ఈ గదిలో ఆ వేళ నిలబడి ఎన్నాళ్లయిందో గుర్తు లేదు.

వామన్‌రావు కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చాడు. లక్ష్మీదేవి పటం ముందు తాతల నాటి ఇత్తడి తరాజు వేలాడుతోంది. తూకమంతా ఇప్పుడు మిషన్ మీదే, అయినా సాయంత్రం దీపం దానికే. ఆయన తరాజు పళ్లాలు రెండూ దగ్గరికి చేర్చి దారంతో కట్టాడు. పగలంతా తూచి అలసిన తరాజు ఆ కాసేపు పడుకుంటుందని ఈ ఇంటి నమ్మకం. అది పడుకున్నంతసేపు గద్దె చుట్టుపక్కల గొంతు లేవకూడదు. బేరం లేదు, ఫోన్ లేదు. మాట్లాడితే గుసగుసే.

ఒత్తిని నూనెలో ముంచి, రెండు వేళ్లూ బొటనవేలూ కలిపి మెల్లగా పేనాడు. వెలిగించాడు. ఆ చేత్తోనే గోడ దగ్గరికి పోయి ట్యూబులైటు ఆర్పాడు.

స్విచ్చు పక్కన గోడ మీద నల్లటి జిడ్డు మరక. పైన రెండు వేళ్లు, కింద బొటనవేలు. ఏళ్ల తరబడి ప్రతి సాయంత్రం అదే చోట పడి పడి, గోడలోకి ఇంకిపోయిన మరక.

యోగేందర్‌కు వాసన అందింది.

"నువ్వీడ ఉండకపోతివి ఆట దినం," లోపలి గుమ్మంలోంచి తల్లి సుమిత్రాబాయి గుసగుసగా అన్నది. దీపం వేళ కొడుకు గదిలో ఉన్నాడని ఆమెకు సంతోషంగా ఉంది. "ఆట ఎంతకూ ఒడవకపాయె. దీపం పెట్టంగనే ఆ గోదాంలకెళ్లి ఒకటే కేకలు. మీ బాపు దినమంత అన్నం గూడ తినలే. లెమ్మని చెప్పుండ్రి అన్న. 'పిల్సింది నేను, ఎట్ల లెమ్మంట?' అన్నడు. నువ్వు హైదరాబాద్ పోతా హైదరాబాద్ పోతా అంటుంటివని ఆయనే గద ఇంటింటికి తిరిగి అందర్ని పిల్సింది. ఈడ్నే మస్తు సంబురమున్నదని నీకు తెల్వాలెనని."

ఆమె వంటింట్లోకి వెళ్లింది. యోగేందర్ తండ్రి పక్కన చాప మీద కూర్చున్నాడు.

"బాపూ. ఫ్యూజు కప్పు ఏడున్నది?"

వామన్‌రావు కదల్లేదు. "ఎనక బావిల ఏసిన," అన్నాడు గుసగుసగా.

"ఎందుకు బాపూ?"

"కరెంటు పోయిందనుకుంటరు. లేస్తరు, ఇండ్లకు పోతరు. లెమ్మన్న మాట నా నోట్లకెళ్లి రాకుంటే సాలనుకున్న. అప్పటికే అందరి ముందట అంటిని, పిల్సినంక కట్టుబాటు చెప్పొద్దని." ఆయన ఒత్తిని కొంచెం ముందుకు జరిపాడు. "షట్టర్లు దించి ఉన్నయన్న సంగతి యాదికి రాలే. అరుపులిన్నంక కప్పు చేతుల వెట్టుకొని ఏం చెయ్యాల్నో తోచలే."

"నితీష్ కాలు..."

"ఎర్కే."

"సొలొమోను పిల్లలకు..."

"ఎర్కే అంటున్న గద." గొంతు లేచింది. ఆయనే ఉలిక్కిపడి తరాజు వంక చూసి, చేతులు జోడించాడు.

"రేపు నువ్వే చెప్పు బాపూ. నువ్వు చెప్తే ఎవ్వరేమనరు. పెద్దమనిషివి."

ఒత్తి చిటపటమంది. వామన్‌రావు తల ఊపాడు.

"చెప్తా."

"నిజంగ?"

"దీపం ముందట కూసుని అబద్ధమాడుతనారా?"

ఆ రాత్రి యోగేందర్ హాయిగా నిద్రపోయాడు.

*

శుక్రవారం వేలం ముగిశాక సంఘం హాల్లో కూర్చున్నారు. కింద జంపఖానా. అధ్యక్షుడి స్థానంలో వామన్‌రావు, అటు జీవరాజ్, ఇటు మరికొందరు సేట్లు. అందరికంటే పెద్దవాడు తుకారాం, భుజం మీద తెల్ల తువాలతో మధ్యలో కూర్చున్నాడు. నితీష్ కాలికి సిమెంటు కట్టుతో కుర్చీలో ఉన్నాడు. గుమ్మం దగ్గర స్తంభానికి ఆనుకుని సొలొమోను. పక్కన హమాలీల మేస్త్రి హనుమంతు. ఓంకార్, ప్రణీత బయట వరండాలో నిలబడి చూస్తున్నారు.

జీవరాజ్ చెప్పవలసినదంతా చెప్పాడు. థప్పీ పేర్చిందీ వాడే, ఫ్యూజు పీకిందీ వాడే అన్నాడు. "ఖతర్‌ల ఎట్ల ఉంటరో నాకెర్క. చెయ్యి నరికేటోళ్లు! మనం బిల్లా తీసేస్తమంటున్నం, గంతే." హనుమంతు అడ్డం తగిలాడు. సొలొమోను తన మనిషని, చేసి ఉండడని అన్నాడు. ఎవరు చేశారో చెప్పు అంటే సొలొమోను వైపు చూశాడు.

యోగేందర్ తండ్రి పెదాలనే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్తాడు. ఈ మాట అయ్యాక చెప్తాడు.

వామన్‌రావు గొంతు సవరించుకున్నాడు. "పోరని దవఖాన సంగతి మా దుకాణం చూసుకుంటది," అన్నాడు. అందరూ తలలూపారు. పెద్దమనిషి అన్నారు ఎవరో. ఆయన ఒక్క క్షణం ఆగాడు.

"ఇగ ఆలస్యమెందుకు. తువాల తియ్యి తుకారాం."

గంజ్‌లో కొన్ని మాటలు నోటితో అనరు. ఒకప్పుడు ధర కూడా అంతే. తువాల కింద చేయి చేయి కలిపి, వేళ్లు నొక్కి చెప్పుకునేవారు. ఎవరు ఎంత అన్నారో మూడో మనిషికి తెలియదు, తర్వాత పగలుండవు. బేరాలు ఇప్పుడు కంప్యూటర్‌లోకి పోయాయి గానీ, మనిషి మీద తీర్పు వచ్చినప్పుడు సంఘం ఇంకా తువాలే తీస్తుంది. అరచేయి తెరిచి పెడితే వదిలేయమని. పిడికిలి బిగిస్తే తీసేయమని. ఎవరిది పిడికిలో తుకారాంకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన ఎవరికీ చెప్పడు.

తుకారాం మోకాళ్ల మీద జరుగుతూ ఒక్కొక్కరి దగ్గరికీ పోయాడు. తువాల పరిచి, కింద చేయి పెట్టి, పైకి చూసుకుంటూ. జీవరాజ్ అయిపోయాడు. తర్వాతివాడు. ఆ తర్వాతివాడు. వామన్‌రావు వంతు వచ్చింది.

తువాల మణికట్టు వరకే కప్పింది. ఈ వ్యాపారంలో పుట్టి పెరిగినవాడు వేళ్లను చూడడు, ముంజేతిని చూస్తాడు. చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని యోగేందర్ నేర్చుకున్న మొదటి విద్య అదే. వేలు ఆడితే చర్మం ఆడుతుంది. చేయి తెరిస్తే నరం పడుకుంటుంది. పిడికిలి బిగిస్తే మోచేతి దాకా తాడులా లేస్తుంది.

తండ్రి ముంజేయి మీద నరం లేచింది.

కాసేపు అలాగే నిలిచి, నెమ్మదిగా పడుకుంది. వామన్‌రావు చేయి బయటికి తీసి, చొక్కా కొసకు తుడుచుకున్నాడు. కొడుకు వైపు చూడలేదు.

ఫిర్యాదు చేసినవాడి చేయి ఆఖరున పట్టుకోవడం రివాజు. తుకారాం యోగేందర్ ముందుకు జరిగి తువాల పరిచాడు. ముసలాయన అరచేయి ఎండిన తోలులా వెచ్చగా ఉంది. యోగేందర్ వేళ్ల కోసం ఎదురుచూస్తోంది. తెరిచి పెడితే చాలు. ఒక్క తెరిచిన చేయి ఇన్ని పిడికిళ్లలో ఏమవుతుందో యోగేందర్‌కు తెలుసు. అయినా తన పాపం తాను కడుక్కున్నట్టు అవుతుంది. ఎవరికీ తెలియదు, పగ ఉండదు. ఇంటికి పోయి తండ్రి పక్కన కూర్చుని అన్నం తినవచ్చు.

యోగేందర్ చేయి వెనక్కి తీసుకున్నాడు. తువాల తీసి, రెండు మడతలు పెట్టి, తుకారాం ఒళ్లో పెట్టాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు తుకారాం.

"నేను నోటితోటే చెప్త పెద్దయ్యా."

"గట్ల పద్ధతి లేదు," అన్నాడు జీవరాజ్. "ఎన్నడన్న ఉన్నదా?"

"లేదు."

"యోగీ," అన్నాడు వామన్‌రావు. నిన్న దీపం ముందు ఉన్నంత మెల్లటి గొంతు. "కూసో బిడ్డా."

యోగేందర్ లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర సొలొమోను అతణ్ణే చూస్తూ, ఎవరికీ కనిపించనంతగా, వద్దని తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపడంతో యోగేందర్‌కు మిగిలిన జంకు కూడా పోయింది.

"మంగళారం చీకట్ల సొలొమోను పేరు మొదలు నేనే వట్టిన. చూడకుంటనే వట్టిన. నేనన్ననని మీరందరు నమ్మిండ్రు." గుమ్మం వైపు చేయి చూపాడు. "ఆయన నీళ్లు తాగనీకి పోయిండు. పీకినోణ్ణి కండ్లార చూసి గూడ, మన కూలి తింటున్నడు గనుక నోరు తెరవలే."

"అయితే పీకిందెవడు?" జీవరాజ్ మోకాళ్ల మీదికి లేచాడు. "పేరు చెప్పు! పేరు!"

యోగేందర్ తండ్రి వైపు తిరిగాడు. ఆయన చెప్పడానికి ఇంకా వీలుంది. ఆయన చెప్పేంతసేపూ ఆగాడు. వామన్‌రావు జంపఖానా మీది ఒక పోగును పీకుతూ తల వంచుకునే ఉన్నాడు.

"మా బాపు," అన్నాడు యోగేందర్. అది సరిపోలేదనిపించింది. గుమ్మం దాకా, వరండా దాకా వినపడేలా మళ్లీ అన్నాడు. "ఫ్యూజు పీకింది వామన్‌రావు."